చేతిగడియారం: కాలసూచనలో భిన్నమార్గాలు

వ్యాససంగ్రహం

రెండు ముళ్లు, పన్నెండు అంకెలు గల ముఖఫలకం చేతిగడియారానికి స్థిరపడిన రూపం. ఈ రూపాన్ని విడిచి కాలాన్ని మరోవిధంగా చూపే ప్రయత్నాలు గడియారాల తయారీలో మూడున్నర శతాబ్దాలకు పైగా సాగుతున్నాయి. వాటిలో ముఖ్యమైన కొన్నింటి పనితీరును వివరించి, కొత్త రూపకల్పన విలువను వాడేవారి అవసరాన్ని బట్టి అంచనా వేయాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గడియారం, కాలసూచన, రూపకల్పన, ముఖఫలకం, స్పర్శ.

1. ఉపోద్ఘాతం

'గడియారం' అనే మాటలోనే గడియ ఉంది. గడియ అంటే 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిసి 60 గడియలు. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటిపై ఉంచి, అది నిండి మునగడానికి పట్టే కాలాన్ని బట్టి గడియను లెక్కించేవారు. ఆ ఘటికాయంత్రంలో ముల్లు లేదు, అంకె లేదు. గిన్నె మునగడమే సూచన. కాలాన్ని కొలవడం, కొలిచిన కాలాన్ని తెలియజేయడం వేర్వేరు పనులని దీనివల్ల గ్రహించవచ్చు. చేతిగడియారంలో మొదటిది లోపలి యంత్రం పని, రెండోది ముఖఫలకం పని. అసాధారణ గడియారాల రూపకర్తలు ఎక్కువగా మార్చింది ఈ రెండోదాన్నే.

ముళ్ల గడియారం చూడటం అలవాటైనవారికి అది సహజంగా తోస్తుంది. నిజానికి అది నేర్చుకోవలసిన విద్య. చిన్నముల్లు మూడు మీద ఉంటే మూడు గంటలని, పెద్దముల్లు అదే మూడు మీద ఉంటే పదిహేను నిమిషాలని పిల్లలకు నేర్పవలసి వస్తుంది. ఒకే గుర్తుకు రెండు విలువలుండే ఈ పద్ధతి ఒక సంప్రదాయం మాత్రమే.

2. ఒంటిముల్లు

యూరప్‌లోని తొలి గోపురగడియారాల్లో గంటల ముల్లు ఒక్కటే ఉండేది. 1656లో హైగెన్స్ లోలక గడియారాన్ని రూపొందించిన తరువాత కచ్చితత్వం పెరిగి, నిమిషాల ముల్లు క్రమంగా వాడుకలోకి వచ్చింది. జర్మనీకి చెందిన మైస్టర్‌సింగర్ సంస్థ ఈ శతాబ్దంలో ఒంటిముల్లును చేతిగడియారంలోకి తెచ్చింది. ఫలకం చుట్టూ 144 విభాగాలు, ఒక్కొక్కటి ఐదు నిమిషాలు. ముల్లు 12 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది కనుక నిమిషానికి కదిలేది అర డిగ్రీయే. అందువల్ల ఒక్కొక్క నిమిషాన్ని వేరుచేసి చూడటం కష్టం.

అయితే నిమిషం ప్రతిసారీ అవసరమా? తెలుగు వ్యవహారంలో 'ఎనిమిదింబావు', 'తొమ్మిదిన్నర', 'పది కావస్తోంది' వంటి మాటలతో పని జరిగిపోతుంది. ఆ మేరకు ఒంటిముల్లు చాలు. రైలు అందుకోవలసినవారికి మాత్రం చాలదు.

3. కదిలే అంకెలు

ముల్లు కదిలి అంకెను చూపడానికి బదులు అంకే కదిలి రావడం మరో మార్గం. 1880ల్లో ఆస్ట్రియా దేశస్థుడు యోసెఫ్ పాల్‌వెబర్ రూపొందించిన పద్ధతితో స్విట్జర్లాండ్‌లోని ఐడబ్ల్యూసీ సంస్థ జేబుగడియారాలు తయారుచేసింది. చిన్న కిటికీల్లో గంటలు, నిమిషాలు అంకెలుగా కనిపిస్తాయి. చూసేవారికి ఇది సులభం. భారమంతా యంత్రం మీద పడుతుంది. ముల్లు నిదానంగా జరుగుతుంది కాబట్టి దానికి కొద్దిపాటి శక్తి సరిపోతుంది. అంకెలున్న చక్రం మాత్రం సరైన క్షణంలో ఒక్కసారిగా దూకాలి. అందుకు కావలసిన శక్తిని ముందుగా కూడబెట్టి ఒక్కసారి విడుదల చేయాలి. ఆ శక్తివ్యయమే ఈ రకం గడియారాలకు ప్రధాన సమస్య.

రోమ్‌లో 1650ల్లో కంపానీ సోదరులు ఏడవ అలెగ్జాండర్ పోపు కోసం చేసిన రాత్రిగడియారం వేరొక దారి చూపింది. లోపల దీపం, ఫలకంలో అర్ధచంద్రాకారపు చీలిక, అందులో మెల్లగా సాగే గంట అంకె. అంకె ఏ గంటో చెబుతుంది. చాపం మీద అది చేరిన చోటు ఆ గంటలో ఎంత భాగం గడిచిందో చెబుతుంది. ఒకే గుర్తు రెండు విషయాలనూ తెలియజేస్తుంది. ఈ సూత్రాన్నే ఒడెమార్ పిగే సంస్థ 1991లో 'స్టార్ వీల్' చేతిగడియారంలో వాడింది. 1997లో మొదలైన ఉర్వెర్క్ సంస్థ దానినే తన ప్రధాన శైలిగా మలచుకొంది. కంపానీల గడియారంలోని రూపం చీకట్లో చూడవలసిన అవసరం నుంచి పుట్టింది. నేటి విలాస గడియారాల్లో అది ప్రధానంగా సౌందర్యాంశం.

4. కోరినప్పుడే కనిపించే కాలం

హామిల్టన్ సంస్థ 1970లో ప్రకటించి 1972లో అమ్మకానికి తెచ్చిన 'పల్సర్' ఎల్‌ఈడీ అంకెల తొలి చేతిగడియారం. బంగారంతో చేసిన తొలి నమూనా ధర 2,100 డాలర్లు. ఎర్రని అంకెలు బ్యాటరీని త్వరగా ఖర్చు చేస్తాయి కనుక బొత్తాం నొక్కినప్పుడే వెలిగేవి. ఒక చేతికున్న గడియారాన్ని చూడటానికి రెండో చేయి కూడా కావలసి వచ్చింది. చేతిలో సంచి ఉన్నవారికి అది చిన్న ఇబ్బంది కాదు. నిరంతరం అంకెలు చూపగల ఎల్‌సీడీ రాగానే ఎల్‌ఈడీ వెనుకబడింది.

ఎర్మెస్ సంస్థ 2011లో ఈ దాచడాన్నే కోరి ప్రయోజనంగా మార్చింది. బొత్తాం నొక్కితే ముళ్లు పన్నెండు దగ్గరకు చేరి కాలం ఆగినట్టు నిలుస్తాయి. లోపల లెక్క సాగుతూనే ఉంటుంది. మళ్లీ నొక్కితే సరైన వేళకు తిరిగి వస్తాయి.

5. వేలికొనతో కాలం

పై రూపాలన్నీ చూపు ఉన్నవారి కోసమే. పారిస్‌లో బ్రెగే 18వ శతాబ్దం చివర తయారుచేసిన స్పర్శగడియారానికి వెలుపల ఒక బాణం గుర్తు, అంచున గంటలకు బొడిపెలు ఉండేవి. జేబులో చేయి పెట్టి వేళ తెలుసుకోవచ్చు.

2013లో వెలువడిన 'బ్రాడ్లీ' చేతిగడియారం ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్లింది. దీని రూపకర్త హ్యుంగ్‌సూ కిమ్ అమెరికాలోని ఎంఐటీలో చదువుతున్నప్పుడు, చూపులేని సహాధ్యాయి తరగతిలో తరచూ వేళ అడిగేవాడు. అతని దగ్గర మాట్లాడే గడియారం ఉంది; కానీ నొక్కితే తరగతి అంతటికీ వినిపిస్తుంది. కిమ్ మొదట బ్రెయిలీ నమూనా తలపెట్టాడు. చూపులేనివారిలో చాలామందికి బ్రెయిలీ రాదని, గడియారం అందంగా ఉండాలని వారూ కోరుకొంటారని వారితో మాట్లాడిన తరువాతే తెలిసింది. చివరి రూపంలో ముళ్లకు బదులు రెండు లోహపు గోళీలున్నాయి. పక్క అంచున తిరిగేది గంటలు, ముందువైపు తిరిగేది నిమిషాలు సూచిస్తాయి. లోపలి అయస్కాంతాలు వాటిని నడుపుతాయి. వేలు తగిలి గోళీ జరిగినా, మణికట్టు కొద్దిగా ఊపితే తన చోటికి వస్తుంది. పన్నెండు దగ్గర ఉబ్బెత్తు త్రిభుజం, మిగిలిన గంటలకు గీతలు. అఫ్గానిస్తాన్‌లో చూపు కోల్పోయి, 2012 లండన్ పారాలింపిక్స్ ఈతపోటీల్లో బంగారు పతకాలు గెలిచిన బ్రాడ్లీ స్నైడర్ పేరు దీనికి పెట్టారు. చూపు ఉన్నవారూ సమావేశంలో గడియారం వైపు చూడకుండానే దీనితో వేళ తెలుసుకోవచ్చు.

6. ముగింపు

1. రెండు ముళ్ల ఫలకం అనేక పద్ధతుల్లో ఒకటి. దాని ప్రాబల్యానికి అలవాటు కూడా ముఖ్యకారణం.

2. ప్రతి కొత్త రూపం ఒకరి భారాన్ని తగ్గించి మరొకచోట పెంచుతుంది. పాల్‌వెబర్ పద్ధతిలో ఆ భారం యంత్రం మీద, పల్సర్‌లో ధరించినవారి రెండో చేతి మీద పడింది.

3. వింతగా ఉండటమే రూపకల్పనకు విలువ కాదు. చదవడానికి పట్టే శ్రమకు తగిన ప్రయోజనం ధరించినవారికి దక్కాలి. ఆ ప్రయోజనం ఎర్మెస్ గడియారంలో వలె కేవలం ఆనందమైనా కావచ్చు.

4. పాత రూపం ఎవరిని విడిచిపెట్టిందో గమనించి, వారితో మాట్లాడి చేసిన మార్పు బ్రాడ్లీలో అందరికీ పనికివచ్చింది. చూపులేని విద్యార్థి పక్కవారిని అడగకుండా, తరగతికి వినిపించకుండా వేళ తెలుసుకోగలగడం ఈ రూపకల్పన సాధించిన ముఖ్యఫలితం.