బడి వార్త ఇంటికి చేరాలి

విద్యార్థులారా! మీ బడిలో ప్రతిదినమూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఒకనాడు పరుగుపందెం, ఒకనాడు వ్యాసరచన పోటీ, మరొకనాడు తల్లిదండ్రుల సమావేశం. వీటిలో కొన్ని జరిగిపోయినవి, కొన్ని జరుగబోయేవి. జరిగిన దానిని తెలియజెప్పేది వార్త. జరుగబోయే దానిని ముందుగా తెలియజెప్పేది ప్రకటన. బడి వార్త ఎట్లా పుడుతుందో, ఎట్లా ప్రయాణం చేస్తుందో, దారిలో ఎక్కడ ఆగిపోతుందో ఈ పాఠంలో తెలిసికొందాం.

మీలో చాలామంది ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నివసిస్తున్నారు. బహ్రెయిన్ రాజధాని మనామాకు ఆగ్నేయ దిశలో, జుఫైర్, మాహూజ్, అద్లియా పేటలకు చేరువలో ఉన్న పేట ఇది. దీనికి దగ్గరలోనే తుబ్లీ అఖాతం ఉన్నది. అరబీ భాషలో 'ఉమ్మ్' అంటే తల్లి. తల్లి పేరు మోసే ఈ పేటలో అనేక దేశాల తల్లులు కాపురముంటున్నారు. ఒకే భవనంలో ఒక అంతస్తున మలయాళం, మరొక అంతస్తున ఉర్దూ, పక్క ఇంట తెలుగు, ఎదుటి ఇంట అరబీ వినిపించడం ఇక్కడ వింత కాదు.

తెల్లవారగానే ఇక్కడి పిల్లలు ఎందరో బస్సులెక్కి దూరాన ఉన్న బడులకు వెళ్తారు. 1968లో వెలసిన ఈసా టౌన్ పట్టణంలో ఇటువంటి బడులు పలు ఉన్నాయి. 1950లో స్థాపించబడిన ఇండియన్ స్కూలు వాటిలో పేరెన్నిక గన్నది. వేలాది విద్యార్థులు చదివే అంత పెద్ద బడిలో ఒక మాట అందరికీ చేరడం సులభమైన పని కాదు.

మన పల్లెటూళ్ళ సంగతి వేరు. అక్కడ బడి రామాలయం పక్కనే ఉంటుంది. మాస్టారు సాయంత్రం కిళ్ళీకొట్టు దగ్గర మీ తాతగారికి ఎదురుపడతారు. "రేపు బడిలో సభ ఉన్నది, రండి" అని ఒక్క మాట చెబితే చాలు, పొద్దు గుంకేలోగా ఆ వార్త ఊరంతా తిరిగి వస్తుంది. ఇక్కడ అట్లా కాదు. బడి ఒక చోట, ఇల్లు ఒక చోట, నాన్నగారి పని మరొక చోట. నోటీసు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మకో, ఒక్కొక్కప్పుడు అమ్మకో ఇంగ్లీషు సరిగా రాకపోవచ్చు. అప్పుడు బడికీ ఇంటికీ మధ్య వంతెన ఎవరు? మీరే!

ఊరు విడిచి వచ్చినవారికి వార్త అవసరం మరింత ఎక్కువ. మన వారు ఈ సంగతిని ఏనాడో గ్రహించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 'ఆంధ్రపత్రిక'ను 1908లో ప్రారంభించినది తెలుగు నేల మీద కాదు, బొంబాయి నగరంలో! తెలుగునాటికి దూరాన ఉన్న ఆ నగరంలో వారపత్రికగా పుట్టిన ఆ పత్రిక 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయినది. బహ్రెయిన్‌కు కూడా ఇటువంటి చరిత్ర ఉన్నది. ఇక్కడ ముహర్రక్ పట్టణంలో బాలుర కోసం ఆధునిక పద్ధతిలో 1919లో బడి వెలసినది. 1928లో బాలికల బడి వచ్చినది. చదువు వచ్చిన తరువాత చదవడానికి పత్రిక కావాలి గదా! అబ్దుల్లా అల్ జాయెద్ అనే ఆయన 1939లో 'అల్ బహ్రెయిన్' అనే వారపత్రికను స్థాపించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, ఆ పత్రిక ఆగిపోయినది. ముహర్రక్‌లోని ఆయన ఇంటిని నేడు పత్రికా చరిత్రను తెలిపే ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. మీ అమ్మానాన్నలతో ముహర్రక్ వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

ఇక అసలు విషయానికి వద్దాం. మంచి వార్తకైనా, మంచి ప్రకటనకైనా ఆరు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఎవరు? ఏమిటి? ఎప్పుడు? ఎక్కడ? ఎందుకు? ఎట్లా? ఈ ఆరింటిలో ఒక్కటి లోపించినా చదివినవారికి చిక్కు వస్తుంది. "తెలుగు పిల్లల పాటల పోటీ ఉన్నది, అందరూ రావాలి" అని ఒకరు వ్రాశారనుకొందాం. ఎన్ని గంటలకు రావాలి? ఎక్కడికి రావాలి? ఏ తరగతి వారు పాడాలి? వ్రాసినవారికి అన్నీ తెలుసు గనుక ఎదుటివారికి కూడా తెలుసునని అనుకొన్నారు. వార్త వ్రాసేవారు మొట్టమొదట వదలుకోవలసినది ఈ అలవాటునే. 'ఎక్కడ' అనే ప్రశ్నకు కూడా పూర్తిగా జవాబు చెప్పాలి. బహ్రెయిన్‌లో చిరునామాకు భవనం సంఖ్య, రోడ్డు సంఖ్య, బ్లాకు సంఖ్య మూడూ అవసరం. "ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, పెద్ద దుకాణం వెనుక" అంటే కొత్తగా వచ్చిన కుటుంబం ఎట్లా కనుక్కొంటుంది?

ఈ ఆరింటిలోనూ 'ఎప్పుడు' అనేది చాలా జాగ్రత్తగా చూడవలసిన ప్రశ్న. మనం ఇక్కడ రెండు మూడు క్యాలెండర్ల నడుమ బ్రతుకుతున్నాం. ఆంధ్రలో ఆదివారం సెలవు. ఇక్కడ 2006 నుండి శుక్రవారం, శనివారం సెలవులు. ఆదివారం నాడు మీరు పుస్తకాల సంచి భుజాన వేసుకొని బస్సు కోసం నిలబడి ఉంటే, విజయవాడలో మీ మేనమామ కొడుకు ఇంకా నిద్ర లేచి ఉండడు! అందుచేత 'వారాంతంలో' అని వ్రాయక, 'శుక్రవారం' అని స్పష్టంగా వ్రాయాలి. తేదీ కూడా జోడించాలి. గడియారం సంగతి కూడా అంతే. ఇక్కడ మధ్యాహ్నం 12 గంటలయితే భారతదేశంలో రెండున్నర అవుతుంది. మీ బడి వార్షికోత్సవాన్ని ఫోనులో చూడాలని కోరే తాతగారికి ఏ దేశపు గంటలు చెబుతున్నారో విప్పి చెప్పాలి.

రంజాన్ నెల వచ్చినప్పుడు ఇక్కడ బడి వేళలు మారుతాయి. అయితే ఆ నెల ప్రతి సంవత్సరమూ ఒకే తేదీన రాదు. చంద్రుని గమనాన్ని అనుసరించే ఇస్లామీయ సంవత్సరానికి సుమారు 354 రోజులు. అందువల్ల రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన పంచాంగంలో కూడా నెలలు చంద్రుని బట్టే లెక్కిస్తారు. కాని సుమారు ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకు ఒక అధికమాసాన్ని చేర్చి ఋతువులతో సరిచేస్తారు. అందువల్లనే ఉగాది ఏటా మార్చి, ఏప్రిల్ నెలల మధ్యనే వస్తుంది. రంజాన్ అట్లా కాదు. అది అన్ని ఋతువులలోనూ తిరిగి వస్తుంది. పైగా పండుగ ఏ రోజో నెలవంక కనిపించిన పిదపగాని ఖాయం కాదు. సెలవు నోటీసులో "నెలవంకను బట్టి తేదీ మారవచ్చును" అనే వాక్యం ఉంటే దానిని విడిచిపెట్టరాదు. ఆ ఒక్క వాక్యం చదవక విమానం టిక్కెట్లు కొన్న కుటుంబం ఎంత ఇబ్బంది పడుతుందో ఊహించండి.

ఎండ కూడా ఇక్కడి కార్యక్రమాలను నిర్ణయిస్తుంది. జూలై, ఆగస్టు నెలలలో వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట కూలివారిచేత పని చేయించరాదనే నిబంధన ఈ దేశంలో 2007 నుండి ఉన్నది. బడులకు వేసవి సెలవులు కూడా ఆ నెలలలోనే వస్తాయి. ఆటల పోటీలకు అనువైనది చలికాలం. డిసెంబరు 16 ఇక్కడ జాతీయ దినోత్సవం. బహ్రెయిన్ స్వాతంత్ర్యం పొందినది మాత్రం 1971 ఆగస్టు 15న. అది మన స్వాతంత్ర్య దినోత్సవపు తేదీ కూడా అని మరువకండి.

ఇప్పుడు నోటీసును ఇంటికి చేర్చే పద్ధతి చూద్దాం. విజ్ఞానయాత్రను గురించి బడిలో ఇట్లా ఒక నోటీసు వచ్చినదనుకొందాం: "తొమ్మిదవ తరగతి విద్యార్థులు 10వ తేదీలోగా తల్లి లేదా తండ్రి సంతకంతో అనుమతి పత్రాన్ని క్లాస్ టీచరుకు ఇవ్వాలి. యాత్ర 14వ తేదీన జరుగుతుంది. రావడం తప్పనిసరి కాదు." ఇంటికి వచ్చిన పిల్లవాడు, "అమ్మా, 14న మమ్మల్ని ఎక్కడికో తీసుకొని వెళ్తారట" అని చెప్పి ఆడుకోవడానికి పరుగెత్తాడు. ఏమవుతుంది? సంతకం లేదు, పత్రం లేదు. 14వ తేదీ ఉదయం తోటివారందరూ బస్సు ఎక్కుతారు. అతడు మాత్రం కిటికీలో నుండి చూస్తూ నిలబడతాడు. తప్పు బడిది కాదు, అమ్మది కాదు. వార్త సగం దారిలో ఆగిపోయినది.

అందుచేత కొన్ని మాటల భేదం మీకు బాగా తెలియాలి. 'పదవ తేదీన' అంటే ఆ రోజున. 'పదవ తేదీలోగా' అంటే ఆ రోజు దాటకుండా. 'వాయిదా పడినది' అంటే మరొక రోజున జరుగుతుంది. 'రద్దయినది' అంటే ఇక జరుగదు. వాయిదా పడిన పరీక్షను రద్దయినదని ఇంట్లో చెబితే, పుస్తకం మూసిన పిల్లవాడు పరీక్షనాడు వెలవెలబోతాడు. 'తప్పనిసరి' వేరు, 'ఇష్టమైతే' వేరు. ఈ మాటలను తెలుగులో సరిగా చెప్పగలిగితే సగం పని అయినట్లే. బస్సు, ఫీజు, యూనిఫారం వంటి మాటలు ఇంటిల్లిపాదికీ తెలిసినవే. వాటికి కొత్త తెలుగు మాటలు వెతకి అమ్మను తికమక పెట్టనవసరం లేదు. అర్థం చేరడమే ముఖ్యం.

వార్త తప్పుగా చేరితే కలిగే నష్టం ఒక్కొక్కప్పుడు చాలా పెద్దది. 2020 ఫిబ్రవరి చివరి వారంలో బహ్రెయిన్‌లో మొదటి కరోనా కేసు బయటపడినది. వెంటనే బడులు మూసివేశారు. పిల్లలు ఇళ్ళనుండే పాఠాలు వినవలసి వచ్చినది. అటువంటి సమయంలో బడి నుండి వచ్చే ఒక్కొక్క మాట కోసం తల్లిదండ్రులు ఎదురుచూస్తారు. వదంతులు కూడా అప్పుడే ఎక్కువగా పుడతాయి. వాట్సాప్‌లో ఎవరో పంపిన మాటను మరొకరికి పంపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది చెప్పినవారు ఎవరు? ఏ తేదీన చెప్పారు? జవాబు దొరకకపోతే ఆ మాటను మీ దగ్గరే ఆపండి. బడి వారిని అడిగి నిజం తెలిసికొన్న తరువాతనే ఇతరులకు చెప్పండి.

జరిగిన దానిని వ్రాయడంలో కూడా ఒక మెళకువ ఉన్నది. "నిన్న మా బడిలో ఆటల పోటీలు అద్భుతంగా జరిగాయి. అందరూ ఎంతో ఆనందించారు." ఈ రెండు వాక్యాలు చదివితే మీకు ఏమి తెలిసినది? ఏమీ తెలియలేదు. ఇప్పుడిది చదవండి. "గురువారం ఉదయం 7 గంటలకు ఎనిమిదవ తరగతి బాలికల 400 మీటర్ల పరుగు జరిగినది. పన్నెండుగురు పాల్గొన్నారు. ఎండ ముదరక ముందే ముగించాలని పోటీని గంట ముందుకు జరిపారు. కాలు బెణికిన ఒక అమ్మాయిని చివరి మలుపు దగ్గర తోటి అమ్మాయి చేయి పట్టి నడిపించింది." ఇందులో 'అద్భుతం' అనే మాట ఎక్కడా లేదు. అయినా మైదానం మన కళ్ళకు కట్టినట్లున్నది. పొగడ్త కన్న వివరం మేలు.

వార్తలో గెలిచినవారి పేర్లు ఉండవలసిందే. అయితే ఆట అంతా వారిదే కాదు. ఇండియన్ స్కూలులో విద్యార్థులను నాలుగు జట్లుగా విభజించి, ఆర్యభట్ట, సి.వి. రామన్, జె.సి. బోస్, విక్రమ్ సారాభాయ్‌ల పేర్లు పెట్టారు. ఒక జట్టు గెలిచినదంటే పరుగెత్తిన వారితో పాటు నీళ్ళు అందించినవారు, సున్నంతో గీతలు గీసినవారు, గొంతు బొంగురు పోయేదాకా కేకలు వేసినవారు కూడా దానిలో ఉన్నారు. వారిని గురించి ఒక్క వాక్యమైనా వ్రాయండి. పేర్లు వ్రాసేటప్పుడు అక్షరం తప్పరాదు. అచ్చులో తన పేరు తప్పుగా చూసుకొన్నవాడికి బహుమతి వచ్చిన సంతోషం కూడా సగమవుతుంది. ఓడినవారిని ఎగతాళి చేసే మాట ఒక్కటి కూడా ఉండరాదు.

మీ తెలుగు తరగతిలో ఒక గోడపత్రిక పెట్టుకోవచ్చు. పెద్ద కాగితాన్ని రెండు భాగాలు చేయండి. ఎడమ పక్క 'జరిగినవి', కుడి పక్క 'జరుగబోయేవి' అని శీర్షికలు వ్రాయండి. అడుగున 'సవరణలు' అని కొంచెం చోటు విడిచిపెట్టండి. పొరపాటు దొర్లితే దానిని దాచక అక్కడ సరిచేయండి. ప్రతి అంశం కిందా తేదీ వేయండి. రోజు దాటిన ప్రకటనను వెంటనే తీసివేయండి. పాత ప్రకటనలు వ్రేలాడే బోర్డును ఎవరూ నమ్మరు. తీసివేసిన కాగితాలను మాత్రం పారవేయకండి. వరుసగా ఒక దస్త్రంలో దాచండి. పది సంవత్సరాల తరువాత ఆ తరగతికి వచ్చే పిల్లలకు అదే మీ బడి చరిత్ర అవుతుంది.

విద్యార్థులారా! తమ పిల్లల చదువు కోసం సముద్రం దాటి వచ్చి శ్రమిస్తున్న తల్లిదండ్రులకు ఆ చదువు ఎట్లా సాగుతున్నదో తెలిసికొనే హక్కు ఉన్నది. మీ సంచిలో మడత పడి ఉన్న నోటీసును ఈ సాయంత్రమే బయటికి తీయండి. ఆరు ప్రశ్నలకూ జవాబులు చూసుకొని, ఇంట్లో అందరూ వినేటట్లు తెలుగులో చదివి వినిపించండి.

అభ్యాసము

1. వార్తకూ ప్రకటనకూ గల భేదమేమి? ఒక్కొక్క ఉదాహరణ వ్రాయండి.
2. 'వాయిదా', 'రద్దు' అనే మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
3. ఉగాది ఏటా దాదాపు ఒకే కాలంలో వస్తుంది. రంజాన్ ఎందుకు అట్లా రాదు?
4. మీ బడి నుండి వచ్చిన ఒక నోటీసును మీ అమ్మమ్మకు అర్థమయ్యేటట్లు అయిదు వాక్యాలలో తెలుగులో వ్రాయండి.
5. గత వారం మీ బడిలో జరిగిన ఒక కార్యక్రమాన్ని గురించి 'అద్భుతం', 'చాలా బాగా' అనే మాటలు లేకుండా ఒక వార్త వ్రాయండి.