5.3 బోర్డు ఆటల పాడ్‌కాస్ట్: మాటలతో పటం గీయడం

పాడ్‌కాస్ట్ శ్రోతకు ఆట పటం కనిపించదు. అది ఊహకు అందకపోతే శ్రోత మధ్యలోనే ఆపేస్తారు. అందువల్ల నియమాలకంటే ముందు పటాన్ని వర్ణించాలి.

ఉదాహరణ: అష్టాచెమ్మా. "అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం 25 గళ్లు. నాలుగు గవ్వలు. 4 పడితే చెమ్మ, 8 పడితే అష్ట. కాయలు చేరవలసింది నడిమి గడికి."

రికార్డింగుకు మొదట ఫోను చాలు. ఫ్యాను ఆపి, పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చుంటే ప్రతిధ్వని తగ్గుతుంది.

తరువాత, ఆట తెలియని ఒకరికి దాన్ని వినిపించి, పటం గీయమనండి. గీత తప్పిన చోట లోపం మీ వివరణదే. ఆ భాగాన్ని తిరిగి రికార్డు చేయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
వామనగుంటల పీటను చూడని వ్యక్తికి మూడు వాక్యాల్లో వివరించండి.