తెమ్మనేదాకా కదలదు

డిసెంబరు ఉదయం. తూర్పు ఇంగ్లండులోని నార్‌ఫోక్. తడి ఆకులతో నిండిన షుగర్ బీట్ పొలంలో మనుషులు ఒకే వరసగా నడుస్తున్నారు. తుపాకులు పట్టినవాళ్లు కొందరు, న్యాయనిర్ణేతలు కొందరు, వాళ్ల పక్కనే ఒక్కో కుక్కతో ఒక్కో హ్యాండ్లర్. కుక్కల మెడలకు గొలుసులు లేవు, పట్టీలు కూడా లేవు. ఆకుల కిందనుంచి ఫెజెంట్ ఒకటి టపటపా లేస్తుంది. మన అడవికోడికి చుట్టమైన పక్షి అది. తుపాకి పేలుతుంది. పక్షి దూరంగా ఆకుల్లో పడుతుంది. వరస మొత్తం ఆగిపోతుంది. కుక్కలన్నీ పక్షి పడిన చోటునే చూస్తుంటాయి. ఒక్కటీ లేవదు.

న్యాయనిర్ణేత ఒక నంబరు పిలుస్తాడు. ఆ నంబరు కుక్క ఒక్కటే వెళ్తుంది, వెతుకుతుంది, నోట కరుచుకుని తెచ్చి చేతికిస్తుంది. పిలవకముందే దూకిన కుక్కకు పోటీ అక్కడితో సరి. ఆత్రం ఆపుకోలేక కుయ్‌మని మూలిగినా అంతే.

ఇది రిట్రీవర్ల ఫీల్డ్ ట్రయల్. వేటలో పడిన పక్షిని వెతికి తెచ్చే కుక్కలకు జరిగే పరీక్ష. ఇందులో పెద్దది ఇంటర్నేషనల్ గన్‌డాగ్ లీగ్ వారి రిట్రీవర్ చాంపియన్‌షిప్. 1909లో మొదలైంది, ఇప్పుడు ఏటా డిసెంబరులో జరుగుతుంది. బ్రిటన్ రాజకుటుంబం వారి శాండ్రింగ్‌హామ్ ఎస్టేట్‌లో లాబ్రడార్ల పెంపకం తరాలుగా ఉంది. రెండో ఎలిజబెత్ రాణి కుక్క శాండ్రింగ్‌హామ్ సిడ్నీ కూడా ఫీల్డ్ ట్రయల్ చాంపియనే.

ఈ కుక్కల గురించి మాట్లాడేవాళ్లు పరుగు గురించి చెబుతారు, చన్నీటి చెరువులోకి దూకే తెగువ గురించి చెబుతారు. అవి పుట్టుకతో వచ్చేవి. మనిషీ కుక్కా కలిసి సంపాదించుకునేది వేరే ఉంది. అది ఆగడం. కుక్క ఎప్పుడు ఆగాలో నేర్చుకోవడం అందులో సగమే. మనిషి ఎప్పుడు ఆగాలో నేర్చుకోవడం మిగతా సగం, నా దృష్టిలో కష్టమైన సగం.

చేపల పడవ నుంచి జమీందారు తోటకు

మన కాలనీల్లో సాయంత్రం షికారుకొచ్చే లాబ్రడార్ పూర్వీకులు బతికింది కెనడాలోని లాబ్రడార్‌లో కాదు, దానికి దక్షిణాన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో. అక్కడి కాడ్ చేపల జాలర్ల దగ్గర పొట్టి వెంట్రుకల నల్ల కుక్కలు ఉండేవి. గాలం నుంచి జారిన చేపను పట్టడం, తాళ్లు ఒడ్డుకు లాగడం వాటి పని. సెయింట్ జాన్స్ వాటర్ డాగ్ అని పేరు. చేపల ఓడలతోపాటు ఇంగ్లండులోని పూల్ రేవుకు చేరాయి. ఆ దగ్గర్లోనే ఎస్టేట్ ఉన్న మామ్స్‌బరీ ఎర్ల్ కుటుంబం వాటి ఈత చూసి ముచ్చటపడి కొని పెంచింది. 1880లలో నెడ్, ఏవన్ అనే రెండు కుక్కలను స్కాట్లండులోని బక్లూ డ్యూక్‌కు ఇచ్చింది. నేటి లాబ్రడార్ల వంశవృక్షం వాటి దగ్గరికే వెళ్తుంది. 1903లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. పుట్టినింట మాత్రం ఆ కుక్కలు మిగల్లేదు. గొర్రెలను కాపాడే పేరుతో న్యూఫౌండ్‌లాండ్‌లో కుక్కల మీద ఆంక్షలు, పన్నులు వచ్చాయి. చివరి రెండు ముసలి మగకుక్కలను 1980లలో అక్కడి ఒక మారుమూల పల్లెలో ఫొటో తీశారు. రెండూ మగవే కాబట్టి ఆ జాతి వాటితోనే ముగిసింది.

గోల్డెన్ రిట్రీవర్‌ది స్కాట్లండ్ కొండసీమ. గిషాకన్ ఎస్టేట్ యజమాని, తర్వాత లార్డ్ ట్వీడ్‌మౌత్ అయిన డడ్లీ మార్చ్‌బ్యాంక్స్ 1865లో బ్రైటన్‌లో నౌస్ అనే పసుపు రంగు కుక్కను కొన్నాడు. దానికీ బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌కూ 1868లో పుట్టిన పిల్లలతో ఈ జాతి మొదలైంది.

ఇంత శ్రద్ధగా ఈ కుక్కలను తీర్చిదిద్దడానికి కారణం తుపాకి. వెనుకనుంచి తూటా పెట్టే తుపాకులు 19వ శతాబ్దం మధ్యలో వచ్చాక కాల్పులు వేగమయ్యాయి. పక్షులను తోలించి, ఎగురుతుంటే కాల్చే వేట పెరిగింది. అంతకుముందు కుక్క పని పక్షి ఎక్కడ దాక్కుందో చూపడం. ఇప్పుడు పడినదాన్ని పొదల్లో, నీళ్లలో వెతికి తెచ్చే కుక్క కావలసి వచ్చింది. చుట్టూ పక్షులు పడుతుంటే నిబ్బరంగా కూర్చునే కుక్క కావలసి వచ్చింది.

చెప్పు ఎత్తుకొచ్చిన రోజే మొదటి పాఠం

కుక్కపిల్ల ఎనిమిది వారాల వయసులో ఇంటికొస్తుంది. వారం తిరక్కుండా చెప్పు ఎత్తుకొస్తుంది. మనం అరుస్తాం, వెంటపడతాం, నోట్లోంచి లాగేస్తాం. దానికి అర్థమయ్యేది ఒకటే: మనిషి దగ్గరికి వస్తువు తీసుకెళ్తే పోగొట్టుకుంటాం. ఆ తర్వాత అది దూరంగా చుట్టూ తిరుగుతుంది, మంచం కిందకు దూరుతుంది, ఒక్కోసారి మింగేస్తుంది. గన్‌డాగ్‌లను, అంటే తుపాకి వేటలో పనిచేసే కుక్కలను, పెంచేవాళ్లు అదే చెప్పు చూసి మోకాళ్ల మీద కూర్చుంటారు. పిల్ల దగ్గరికొచ్చాక వస్తువు ముట్టుకోరు. నోట్లో ఉండగానే మెడ నిమురుతారు, మెచ్చుకుంటారు. ఆ తర్వాతే నెమ్మదిగా తీసుకుంటారు. తేవడం అనే కోరిక రక్తంలోనే ఉంది. మనం చెడగొట్టకుండా ఉంటే చాలు. గుడ్డ పట్టుకుని ఇద్దరూ చెరోవైపు లాగే ఆట మాత్రం ఈ ఇళ్లలో ఆడరు. కరిచిపట్టి లాగడం అలవాటైన నోరు రేపు పక్షిని నలిపేస్తుంది.

అసలు శిక్షణ ఆరేడు నెలలు దాటాక. పనిముట్లు తక్కువే. కాన్వాసు గుడ్డతో కుట్టిన అరకిలో డమ్మీ, మెడకు తగిలించి తీసేసే తాడు, ఒక ఈల. బ్రిటన్‌లో ఎక్కువగా వాడే ఆక్మీ ఈలల మీద 210½, 211½ అని నంబర్లుంటాయి. ఈల పోతే అదే నంబరుది కొంటారు, శ్రుతి మారదు, కుక్క తికమకపడదు. ఒక్క పొడుగు ఊదు అంటే ఎక్కడున్నా కూర్చుని నావైపు చూడు. వరసగా పొట్టి ఊదులు అంటే వచ్చెయ్. పొడుగు ఈలను చాలామంది తిండి గిన్నె చేతిలో పట్టుకునే నేర్పుతారు. పిల్ల కూర్చుంటేనే గిన్నె కిందకు దిగుతుంది.

డమ్మీ విసరగానే పరుగెత్తి తెచ్చే కుక్కను చూస్తే చూసేవాళ్లకు ముచ్చట. శిక్షకులకు బెంగ. విసిరిన ప్రతిదీ తనదే అనుకుంటే అది ఎప్పటికీ కూర్చోదు. అందుకే విసిరినవాటిలో ఎక్కువభాగం శిక్షకుడే నడిచి వెళ్లి ఏరుకొస్తాడు, కుక్క కూర్చుని చూస్తుంది. ఏ ఒక్కదానికో దాన్ని పంపుతారు. రోజుకు పది, పదిహేను నిమిషాలు మించనివ్వరు. ఇంకా చేద్దామని కుక్కకు అనిపిస్తుండగానే ఆపేస్తారు.

తుపాకి చప్పుడు ముందు చాలా దూరంనుంచి వినిపిస్తారు. వారాల తరబడి మెల్లగా దగ్గరకు తెస్తారు. తొందరపడి చెవి పక్కనే పేల్చి బెదరగొడితే ఆ భయం ఒక పట్టాన పోదు. నీళ్లూ అంతే. ఒడ్డు వాలుగా ఉన్న చోట, వెచ్చని రోజున, తనంతట తాను దిగేలా చేస్తారు. నీళ్లలోకి తోసే శిక్షకుణ్ని ఎవరూ గౌరవించరు.

తర్వాతి మెట్టు దిశలు. కుక్కను ఎదురుగా కూర్చోబెట్టి ఎడమన ఒక డమ్మీ, కుడిన ఒకటి, దాని వెనక ఒకటి వేస్తారు. చెయ్యి ఎటు చాపితే అటు వెళ్లాలి. నిటారుగా పైకెత్తితే వెనక్కి తిరిగి దూరంగా. ఇది కుదిరాక అసలు గడ్డు పని వస్తుంది. పక్షి పడింది కుక్క చూడలేదు, మనిషి చూశాడు. నూరు గజాల దూరంలో, చెరువు అవతల. కుక్కకు అక్కడ ఏమీ కనిపించదు, వాసనా రాదు. ఈయన చెయ్యి చాపాడు కాబట్టి ఉండే ఉంటుంది అన్న నమ్మకంతో నీళ్లు ఈది అవతలి గట్టెక్కుతుంది. మధ్యలో ఈల వినపడితే ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఎటుందో చూసుకుని మళ్లీ కదులుతుంది. ఈ నమ్మకం కుదరడానికి ఏడాది పైగానే పడుతుంది. డమ్మీ లేని చోటికి ఒకటి రెండుసార్లు పంపి మోసం చేస్తే చెదిరిపోతుంది.

సరిగ్గా ఇక్కడే మనిషి పరీక్ష మొదలవుతుంది. పక్షి చావలేదు, రెక్క విరిగి నేలమీద పరుగెత్తింది. కుక్క ఆ చోటికి చేరి, ముక్కు దించి, మనిషి చూపిన దిక్కుకు అడ్డంగా వెళ్లిపోతుంది. హ్యాండ్లర్ చెయ్యి ఈల మీదకు పోతుంది. ఊదితే కుక్క ఆగుతుంది, అంత బాగా నేర్పాడు మరి. ఊదితే జాడ తప్పిపోతుంది కూడా. పక్షి ఏ కంచె కిందో గంటల తరబడి బాధపడి చస్తుంది. నేల మీద వాసన ఎటు పోయిందో తెలిసింది కుక్కకే. రెండేళ్లు మాట వినడం నేర్పిన మనిషి ఆ క్షణంలో ఈల వదిలేసి దాని మాట వినాలి. పెద్ద పోటీలు గెలిచే హ్యాండ్లర్లను గమనించండి, ఈల తక్కువ ఊదుతారు.

మెత్తని నోరు

పక్షిని తెచ్చాక న్యాయనిర్ణేత దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండు వైపులా పక్కటెముకలు వేళ్లతో తడుముతాడు. నలిగితే, విరిగితే, ఆ తప్పు కుక్కదేనని తేలితే అది పోటీలోంచి వెళ్లిపోతుంది. అంత బలమైన దవడ ఊపిరాడుతున్న పక్షిని ఈక చెదరకుండా మోసుకొస్తుంది. ఒక కుక్క వెతికి దొరకలేదని వచ్చేసిన చోట మరో కుక్క వెళ్లి తెస్తే దాన్ని ఐ వైప్ అంటారు, మంచి మార్కులు పడతాయి.

వేట నాకు ఇష్టం లేదు. మనదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 దాన్ని నిషేధించింది, అది మంచి చట్టం. అయినా ఈ కుక్క చేసేది చంపడం కాదన్నది నిజం. అమెరికాలో కింగ్ బక్ అనే లాబ్రడార్ 1952లో, 1953లో జాతీయ చాంపియన్‌షిప్ గెలిచింది. 1959 నాటి అక్కడి బాతుల స్టాంపు (నీటిపక్షుల వేటకు కొనే అనుమతి స్టాంపు) మీద దాని బొమ్మ వేశారు. గాయపడిన పక్షులు వృథాగా చచ్చిపోకుండా కాపాడేది రిట్రీవర్లే అన్నది ఆ స్టాంపు చెప్పిన మాట. పైగా ఈ కళకు ప్రాణం తీయనవసరమే లేదు. బ్రిటన్‌లో వేసవి పొడుగునా వర్కింగ్ టెస్టులు డమ్మీలతోనే జరుగుతాయి.

నొప్పి పెట్టి నేర్పే దారులూ ఉన్నాయి. అమెరికా రిట్రీవర్ శిక్షణలో కరెంటు షాకిచ్చే పట్టీల వాడకం మామూలు. వేల్స్ 2010లో వాటిని నిషేధించింది. వేల్స్ చేసిందే సరైన పని. కనపడనిదాని కోసం చెరువు ఈదమని అడుగుతున్న కుక్కకు మెడ దగ్గర షాకివ్వడం ఎంత అన్యాయం!

మన ఇళ్లలో

హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఫ్లాట్లలో ఎన్నో లాబ్రడార్లు, గోల్డెన్లు ఉన్నాయి. వాటికి తిండికి లోటు లేదు, ముద్దుకు లోటు లేదు, పనికి మాత్రమే కరువు. సోఫా కొరికింది, చెత్తబుట్ట తిరగేసింది అని వినపడే ఫిర్యాదుల్లో చాలావరకు పనిలేనితనం తెచ్చినవే. తెచ్చివ్వాలన్న అదే తపనను మన పోలీసులు, సైన్యం వాడుకుంటున్నారు. 1993 ముంబయి పేలుళ్ల రోజుల్లో పేలుడు పదార్థాలు పసిగట్టి ఎన్నో ప్రాణాలు కాపాడిన జంజీర్ లాబ్రడారే. హైదరాబాద్ దగ్గరి మొయినాబాద్ పోలీసు శిక్షణ కేంద్రంలో జాగిలాలు తయారవుతున్నాయి. ఇలాంటి చోట్ల వాసన పట్టిన కుక్కకు బహుమానంగా దొరికేది చాలాసార్లు ఒక బంతి మాత్రమే.

తిండి దగ్గర కాస్త కఠినంగా ఉండక తప్పదు. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో లాబ్రడార్ల ఆకలికి కారణమైన ఒక జన్యులోపం బయటపెట్టారు. పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లేకపోవడం. సుమారు నాలుగోవంతు లాబ్రడార్లలో అది ఉంది. వికలాంగులకు సాయపడే శిక్షణకు ఎంచుకున్నవాటిలో 76 శాతంలో కనిపించింది. తిండి కోసం ఏ పనైనా నేర్చుకునే కుక్కనే మనిషి ఏరుకున్నాడన్నమాట. కడుపు నిండలేదని అది చూసే చూపు నిజమే కావచ్చు, కానీ దానికి లొంగితే ఆయుష్షు తగ్గుతుంది. 48 లాబ్రడార్లను జతలుగా విడదీసి, ఒకదానికి తన జతకంటే పాతిక శాతం తక్కువ పెట్టి జీవితాంతం గమనించిన అధ్యయనం 2002లో వచ్చింది. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. ఇంట్లో నలుగురూ విడివిడిగా బిస్కెట్ పెడితే ఆ రెండేళ్లూ పోయినట్టే.

పని ఇవ్వడానికి ఎస్టేట్ అక్కర్లేదు. పాత జీన్సు ముక్కలో గుడ్డపేలికలు కూరి కుట్టండి, డమ్మీ తయారు. ఐదేళ్ల కుక్కతోనైనా మొదలుపెట్టొచ్చు. కూర్చోబెట్టి విసరండి, మీరే వెళ్లి తెచ్చుకోండి. అది లేవకుండా చూడటం వచ్చాక ఒకసారి పంపండి. తర్వాత అది చూడకుండా పార్కులో ఏ మందారచెట్టు వెనకో దాచి, గాలి దాని ముక్కువైపు వీచేలా నిలబడి పంపండి. పక్కదారి పట్టిందనిపించినా పిలవకండి, వేలు చూపించకండి. ఈ కుక్కకు ఒంటినిండా రెండు పొరల బొచ్చు. కాబట్టి ఎండలు ముదిరాక ఈ ఆటంతా తెల్లవారుజామున ఐదున్నరకే. చెరువో, కుంటో దగ్గర్లో ఉండి నీళ్లు శుభ్రంగా ఉంటే అక్కడికే తీసుకెళ్లండి.