కోయిలకుంట్లలో గుండెపోటు: నిమిషాల లెక్క

కోయిలకుంట్ల పక్క పల్లెలో శనగ చేను చూసుకుంటున్న రైతుకు ఎదలో పట్టేసినట్టు నొప్పి వచ్చిందనుకుందాం. ఒళ్లంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగుతోంది. గ్యాస్ అనుకుని ఇంట్లోవాళ్లు సోడా తాగించి పడుకోబెడతారు. లోపల మాత్రం గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడి కండరం చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన గుండె కండరం మళ్లీ పెరగదు.

నాళాన్ని బెలూన్‌తో తెరిచి స్టెంట్ వేయడమే మేలైన వైద్యం. జబ్బు గుర్తించిన 120 నిమిషాల్లో అది కుదరకపోతే ముందుగా గడ్డను కరిగించే సూదిమందు ఇవ్వాలని హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోయిలకుంట్ల లాంటి ఊళ్లలో, బండి దొరికి పెద్దాసుపత్రికి చేరేలోపు ఆ గడువు చాలా సార్లు దారిలోనే అయిపోతుంది.

అలాంటి మందుల్లో ఒకటి టెనెక్టెప్లేస్. మన రక్తంలోనే ఉండే ప్లాస్మినోజన్‌ను ఇది మేల్కొలుపుతుంది, అది గడ్డలోని ఫైబ్రిన్ దారాలను తెంచుతుంది. బరువును బట్టి ఒక్క సూది, క్షణాల్లో ఎక్కించవచ్చు. ప్రమాదమూ ఉంది. గతంలో ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయినవారికి ఇస్తే ప్రాణం పోవచ్చు. కాబట్టి ఈసీజీనీ, రోగి పాత జబ్బుల వివరాలనూ నిపుణుడు చూసి చెప్పాలి. ఇక్కడే సాంకేతికత అక్కరకొచ్చింది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీ నిమిషాల్లో పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకు చేరుతుంది, ఆయన సరేనంటే సూది అక్కడే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ‘స్టెమీ’ (నాళం పూర్తిగా మూసుకుపోయే తరహా గుండెపోటు) కార్యక్రమం 2023లో మొదలైంది. కర్నూలు సర్వజన వైద్యశాల అందులో ఒక కేంద్రం. దాదాపు 40 వేల రూపాయల మందును ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. సూది పడ్డాక కూడా యాంజియోగ్రామ్‌కు పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇక డబ్బు సంగతి. 2007లో మొదలైన ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ ఒక్కో చికిత్సకు ఒక ప్యాకేజీ కట్టి, అనుమతి నుంచి బిల్లు దాకా అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచిన ఘనత దానిదే. కానీ ప్యాకేజీ చేసిన పనికి డబ్బిస్తుంది, దక్కిన ఫలితానికి కాదు. మైఖేల్ పోర్టర్, ఎలిజబెత్ టీస్‌బర్గ్ అనే పరిశోధకులు వైద్యరంగంపై 2006లో రాసిన పుస్తకంలో వాదించింది ఇదే: రోగికి ఒరిగిన మేలును, అందుకైన ఖర్చుతో కలిపి కొలవాలని.

మన లెక్కా అలా మారాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఈసీజీ ఎప్పుడు తీశారు, సూది ఎప్పుడు పడింది, ఏడాది తర్వాత ఆ రైతు మళ్లీ చేను దున్నుతున్నాడా? ఆసుపత్రులు మారినా ఇవన్నీ ఒకచోట చేర్చడానికి 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) సంఖ్య ఉంది. అయితే ఫలితానికే డబ్బంటే, మధుమేహంతో నీరసించిన ముసలివాళ్లను ఆసుపత్రులు తిప్పి పంపే ముప్పుంది. అందుకే రోగి వచ్చినప్పటి పరిస్థితిని కూడా లెక్కలో కలిపి తీరాలి.

ఎదనొప్పి పది నిమిషాలైనా తగ్గకపోతే సోడా కోసం వెతక్కండి. 108కి ఫోన్ చేయండి, నొప్పి మొదలైన సమయం చెప్పండి, ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఈసీజీ తీయమని అడగండి.