ఒక క్రీడా సంవత్సరం

గోదావరి డెల్టాలో సేద్యానికి సార్వా, దాళ్వా అని రెండు పంట కాలాలున్నాయి. దాళ్వా కోతలు ముగిసిన పిదప వేసవిలో కాలువలకు నీరు కట్టివేస్తారు. పూడిక తీయడం, గట్లను పటిష్ఠపరచడం, లాకులను బాగుచేయడం వంటి పనులన్నీ ఆ కొద్ది వారాలలోనే జరగాలి. అనేక వృత్తి క్రీడలు కూడ ఇటువంటి క్రమాన్నే పాటిస్తాయి. ఆస్ట్రేలియా దేశీయులు తమదిగా చెప్పుకొనే ఫుట్‌బాల్ అందుకు మంచి ఉదాహరణ. జట్టుకు పద్దెనిమిది మంది చొప్పున అండాకారపు మైదానంలో ఆడే ఆ క్రీడ సాధారణంగా మార్చిలో ఆరంభమై సెప్టెంబరు చివర జరిగే తుది పోటీతో ముగుస్తుంది. అటుపై కొన్ని నెలలపాటు క్రీడాకారుని శరీరానికి విశ్రాంతి లభిస్తుంది.

బ్యాడ్మింటన్‌కు అటువంటి విరామం లేదు. జనవరిలో మలేషియాలో మొదలైన పోటీలు డిసెంబరు వరకు దేశం తరువాత దేశంలో సాగుతూనే ఉంటాయి. ఈ క్రీడా సంవత్సరం ఎట్టిదో గ్రహించడానికి కోనసీమ యువకుడు రంకిరెడ్డి సాత్త్విక్ సాయిరాజ్ 2023లో గడిపిన పన్నెండు నెలలను పరిశీలించడం ఉచితం.

సాత్త్విక్ 2000వ సంవత్సరం ఆగస్టు 13న అమలాపురంలో జన్మించాడు. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. గోదావరి పాయల నడుమ కొబ్బరి తోటలతో నిండిన ఆ పట్టణం నుండి అతడు 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీకి చేరాడు. అక్కడ మలేషియాకు చెందిన శిక్షకుడు టాన్ కిమ్ హర్ అతనిని ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో జతపరచాడు. ఇద్దరూ వెనుక భాగం నుండి బలంగా కొట్టగల ఆటగాళ్లే. జంటలో ఒకరు వల దగ్గర నేర్పరియై ఉండాలన్నది నాటి సాధారణాభిప్రాయం. ఒకే విద్యగల ఇద్దరిని కలపడం ఆనాడు వింతగా తోచి ఉండవచ్చు. కాని వారు ఆ రెండవ విద్యను కూడ నేర్చుకొన్నారు. 2022 మే నెలలో బ్యాంకాక్‌లో భారతదేశం తొలిసారి థామస్ కప్పు గెలిచినప్పుడు, ఇండొనేషియాతో జరిగిన తుది పోరులో వీరి విజయం కీలకమైనది. రావులపాలెంలో జన్మించిన కిదాంబి శ్రీకాంత్ ఆ పోరును ముగించాడు.

ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2018 నుండి తన పోటీలను వరల్డ్ టూర్ అనే పేరుతో శ్రేణులుగా విభజించింది. సూపర్ 1000 పోటీలో విజేతకు 12,000 పాయింట్లు, సూపర్ 750లో 11,000, సూపర్ 500లో 9,200, సూపర్ 300లో 7,000 లభిస్తాయి. గడచిన 52 వారాలలో ఆడిన పోటీల నుండి మేలైన పది ఫలితాలను కూడి ప్రపంచ ర్యాంకును నిర్ణయిస్తారు. కిందటి ఏడాది ఒక వారంలో గెలిచిన పాయింట్లు ఈ ఏడాది ఆ వారం రాగానే లెక్క నుండి తొలగిపోతాయి. అందుచేత గెలిచినవాడు కూడ నిలిచి ఉండలేడు. పైగా అగ్రశ్రేణి జంటలు సూపర్ 1000, సూపర్ 750 పోటీలలో తప్పనిసరిగా పాల్గొనాలని నియమమున్నది.

2023 జనవరిలో ఈ జంట మలేషియా ఓపెన్‌లో సెమీఫైనల్ వరకు వెళ్లింది. మరుసటి వారం ఢిల్లీలో జరిగిన ఇండియా ఓపెన్ నుండి సాత్త్విక్ తుంటి గాయంతో మధ్యలోనే తప్పుకొన్నాడు. స్వదేశంలో, గత విజేతగా బరిలో దిగిన పోటీలో ఆడలేకపోవడం చిన్న నష్టం కాదు. ఎగిరి స్మాష్ కొట్టే ఆటగానికి తుంటి గాయం ఆయుధాన్నే లాగివేస్తుంది. మార్చిలో ఆల్ ఇంగ్లండ్ పోటీలో రెండవ రౌండు దాటలేకపోయినా, ఆ నెలాఖరున స్విస్ ఓపెన్ టైటిల్‌ను గెలిచారు. ఏప్రిల్ 30న దుబాయిలో ఆసియా చాంపియన్‌షిప్ పురుషుల డబుల్స్ స్వర్ణం వారికి దక్కింది. ఆ పోటీలలో 1965లో దినేశ్ ఖన్నా సింగిల్స్ గెలిచిన తరువాత భారతదేశానికి లభించిన స్వర్ణం అదే.

జూన్ నెల ఈ కథలో విశేషమైనది. సింగపూర్‌లో వీరు తొలి రౌండులోనే ఓడారు. వారం తిరగక ముందే జకార్తాలో ఇండొనేషియా ఓపెన్ మొదలైంది. అది సూపర్ 1000 స్థాయి పోటీ. మొత్తం బహుమతి ధనం పన్నెండున్నర లక్షల డాలర్లు. తుది పోరులో ఎదురైనవారు మలేషియా జంట ఆరన్ చియా, సో వూయ్ యిక్. వీరు అప్పటి ప్రపంచ విజేతలు. అంతకు ముందు ఎనిమిదిసార్లు తలపడగా ఎనిమిదిసార్లూ ఓటమి భారత జంటదే. జూన్ 18న మాత్రం 21-17, 21-18 తేడాతో విజయం సాత్త్విక్, చిరాగ్‌లను వరించింది. సూపర్ 1000 డబుల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయులు వీరే. జూలైలో కొరియా ఓపెన్ కూడ గెలిచారు.

ఆ దినాలలోనే సాత్త్విక్ కొట్టిన గంటకు 565 కిలోమీటర్ల స్మాష్ గిన్నిస్ రికార్డుల కెక్కినట్లు పత్రికలు ప్రకటించాయి. మలేషియాకు చెందిన టాన్ బూన్ హియాంగ్ పేరిట పదేళ్లుగా ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు చెరిగిపోయింది. అయితే ఆ కొలత ఆటలో తీసుకొన్నది కాదు. ఏప్రిల్ 14న జపానులోని ఒక కర్మాగారపు వ్యాయామశాలలో, రాకెట్‌ను వీడిన క్షణంలో షటిల్‌కుండే వేగాన్ని కొలిచారు. పదహారు ఈకలతో, సుమారు 5 గ్రాముల బరువుండే షటిల్‌ను గాలి వెంటనే అడ్డగిస్తుంది. అవతలి ఆటగాని చేరేలోగా ఆ వేగం చాలవరకు సన్నగిల్లుతుంది. దీనిని కారు వేగంతోను, రైలు వేగంతోను పోల్చి మురిసిపోవడంలో అర్థం లేదు. బ్యాడ్మింటన్‌లో కేవలం వేగంతో గెలిచినవారు అరుదు.

ఆగస్టులో కోపెన్‌హాగెన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డెన్మార్క్ జంట వీరిని క్వార్టర్ ఫైనల్‌లోనే నిలువరించింది. అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడలు వచ్చాయి. సెమీఫైనల్‌లో మళ్లీ చియా, సో జంటే ఎదురై ఓడింది. అక్టోబరు 7న కొరియా జంటపై 21-18, 21-16 తేడాతో గెలిచి, ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి తొలి స్వర్ణం తెచ్చారు. మూడు రోజులకు ప్రపంచ ర్యాంకుల పట్టికలో ప్రథమ స్థానం వీరిదైనది. డబుల్స్‌లో ఆ స్థానం పొందిన మొదటి భారత జంట ఇదే.

ఇంతటి సంవత్సరానికి ముగింపు మాత్రం విచిత్రమైనది. వరల్డ్ టూర్‌లో ఎక్కువ పాయింట్లు పొందిన ఎనిమిది జంటలు డిసెంబరులో ఫైనల్స్ ఆడతాయి. ఆ పోటీకి ఆసియా చాంపియన్‌షిప్ పాయింట్లు గాని, ఆసియా క్రీడల స్వర్ణం గాని లెక్కకు రావు. నవంబరులో చైనా మాస్టర్స్ తుది పోరులో లియాంగ్ వీకెంగ్, వాంగ్ చాంగ్‌ల చేతిలో మూడవ గేమ్‌ను 19-21తో పోగొట్టుకోవడంతో ఆ అవకాశం దూరమైంది. ఆసియా విజేతలు ఆ ఏటి ఫైనల్స్‌లో లేకపోయారు. నియమం నియమమే అయినా, ఏడాదికి కొలమానంగా చూస్తే అది లోపభూయిష్ఠమనక తప్పదు.

జనవరి రాగానే మలేషియాలో మళ్లీ మొదటి పోటీ ఆరంభమైంది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో వీరిని 21-13, 14-21, 16-21తో ఓడించినది ఆ చియా, సో జంటయే. ఏడాది తరువాత, 2025 ఆగస్టులో, పారిస్‌లోని ఆ క్రీడాశాలలోనే ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. క్వార్టర్ ఫైనల్‌లో మళ్లీ అదే మలేషియా జంట ఎదురైంది. ఈసారి 21-12, 21-19తో గెలిచి, సాత్త్విక్, చిరాగ్‌లు కాంస్య పతకంతో తిరిగి వచ్చారు.