పుచ్చు, పురుగు, పూడిక

తెలుగులో వంకాయ పుచ్చుతుంది, వేరుసెనగ గింజ పుచ్చుతుంది, పన్నూ పుచ్చుతుంది. పైకి నిగనిగలాడే కాయను కోస్తే లోపల తొలిచి ఉండడం అందరికీ అనుభవమే కనుక, పంటిలో కూడా పురుగు చేరిందని మన పెద్దలు అనుకున్నారు. ఈ ఊహ మన ఒక్కరిదే కాదు. తమిళనాట పెరిగిన విద్యార్థులు పూచ్చిప్పల్ అన్న మాట వినే ఉంటారు; పూచ్చి అంటే పురుగు. కన్నడంలో హుళుకు హల్లు అంటారు. హుళ అన్నా పురుగే. మరాఠీలో దంతానికి కీడ్ పడుతుంది, ఒడియాలో పోక తింటుంది. ఇన్ని భాషలు ఒకే సాక్ష్యం చెబుతుంటే నమ్మకపోవడం కష్టమే. ములక గింజల పొగ పట్టించి పంటిపురుగు తీశామని చూపించేవారు మన పల్లెల్లోనే కాక చాలా దేశాల్లో ఉండేవారు. రాలినవి గింజల తునకలే తప్ప పురుగులు కావు.

ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లో వెలువరించిన గ్రంథంలో, సూక్ష్మదర్శినితో వెదికినా ఆ పురుగులు తనకు కనబడలేదని రాశాడు. అసలు సంగతి బెర్లిన్‌లో పరిశోధన చేసిన అమెరికన్ వైద్యుడు మిల్లర్ 1890లో వివరించాడు. నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను, పిండిపదార్థాన్ని పులియబెడతాయి. అందులో పుట్టిన ఆమ్లం పంటి ఖనిజాన్ని కరిగిస్తుంది. అంటే పంటిని ఏదీ కొరకడం లేదు, పన్ను కరుగుతోంది.

ఈ సూక్ష్మజీవులు నివసించే జిగురు పొరకు తెలుగులో పాచి అనే చక్కని మాట ఉంది. చెరువు మెట్లమీది పాచి, పంటిమీది పాచి రెండూ తడిలో అంటుకుని పెరిగే పొరలే. తియ్యని టీ ఒక గుక్క తాగిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పుడుతుంది. తరువాత లాలాజలం దాన్ని విరిచి, కరిగిన ఖనిజంలో కొంత తిరిగి చేరుస్తుంది. ఇందుకు సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి ఎంత చక్కెర తిన్నామన్న దానితో పాటు రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నదీ లెక్కే. భోజనంతో పాటు తిన్న రెండు లడ్డూల కంటే, హాస్టల్లో పరీక్షల రాత్రి గంటకోసారి తాగే టీ పంటికి ఎక్కువ చేటు. మొదట పంటిమీద తెల్లని మచ్చ కనిపిస్తుంది. ఆ దశలో ఫ్లోరైడు ఉన్న పేస్టుతో శ్రద్ధగా తోముకుంటే పన్ను తిరిగి గట్టిపడవచ్చు. గుంట పడిందా, ఇక బ్రష్షు అందులోకి చేరదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది గాని, పంటి పైపొర అయిన ఎనామిల్‌లో జీవకణాలు లేవు. పోయినది తిరిగి పెరగదు. అందుకే పూడ్చవలసి వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మచ్చలున్న పళ్ళన్నీ పుచ్చినవి కావు. నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలలో పళ్ళమీద గోధుమరంగు చారలు కనిపిస్తే, అవి చాలావరకు చిన్ననాడు తాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువ కావడం వల్ల ఏర్పడినవి. వాటిని గార పళ్ళు అనడమూ ఉంది. పాచి గట్టిపడి రాయిలా మారిన దాన్నీ గార అనే అంటాం. దీన్ని వైద్యుడు గీకి తీయగలడు. ఆ చారలు పంటిలోనే ఉన్నవి కాబట్టి గీకితే పోవు. ఒక మాటకు రెండర్థాలుంటే ఇలాంటి తికమకే.

ఫిల్లింగ్ అనగానే చాలామంది పంటి కన్నంలో మందు పోస్తారనుకుంటారు. కాదు. పుచ్చిన భాగాన్ని ముందుగా తొలగించాలి. ఆ ఖాళీని తరువాత పూడుస్తారు. మాకు పూడిక అన్న మాటే నచ్చుతుంది గాని, ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు కనుక ఫిల్లింగ్ అనే అందాం. లోతు ఎక్కువైతే మత్తు సూది వేస్తారు. పూర్వం వెండి, తగరం, రాగి కలిసిన పొడిని పాదరసంతో కలిపి పెట్టేవారు. పెద్దవాళ్ళు వెండి పెట్టించుకున్నామని చెప్పేది దీని గురించే. బరువులో సుమారు సగం పాదరసమే. అది గట్టిదే కాని పంటికి అంటుకోదు. ఊడకుండా ఉండాలంటే గుంటను లోపల వెడల్పుగా చెక్కాలి. అందుకోసం కొంత మంచి పన్నూ పోతుంది. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికన్, ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. లోహానికి రంగు బాగా పట్టడానికి పరిశ్రమలలో ఆ ఆమ్లాన్ని వాడడమే ఆయనకు స్ఫూర్తి. నేడు నీలి వెలుగుతో గట్టిపరిచే పంటిరంగు కాంపోజిట్ ఆ దారిలో వచ్చినదే. పాదరసం పర్యావరణానికి చేటు కనుక యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి, తప్పనిసరి వైద్య అవసరాలకు మినహా, వెండి ఫిల్లింగులను మాన్పించింది. మీ ఇంట్లో ఎవరికైనా పాత వెండి ఫిల్లింగు చెక్కుచెదరకుండా ఉంటే భయపడి తీయించుకోనక్కరలేదు.

తాత్కాలికంగా పెట్టే తెల్లని ముద్దను మనవాళ్ళు సిమెంటు అంటారు. అందులో తరచుగా జింక్ ఆక్సైడుతో కలిపేది యూజెనాల్. లవంగ నూనెలో ముఖ్యమైనది అదే. దంతవైద్యశాలలో మన వంటింటి వాసన రావడానికి కారణం ఇదే. అమ్మమ్మ పంటికింద లవంగం పెట్టమనడంలో అర్థముంది. అయితే లవంగం నొప్పిని అణచగలదు గాని గుంటను పూడ్చలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫిల్లింగ్ ఎంతవరకు పనికొస్తుందన్నది. ఎనామిల్‌కు నొప్పి తెలియదు. కాబట్టి నొప్పి లేనంత మాత్రాన పన్ను బాగుందనుకోరాదు. పుచ్చు లోపలి పొరను చేరినప్పుడు చల్లనీళ్ళకు పన్ను జివ్వుమంటుంది, క్షణాల్లో తగ్గుతుంది. ఇది ఫిల్లింగుతో బాగయ్యే దశ. అలా కాక నొప్పి తనంతట తానే వచ్చి, రాత్రి పడుకుంటే ఎక్కువై, వేడి టీకి రేగి నిమిషాల తరబడి సలుపుతూ ఉంటే, పంటి లోపలి గుజ్జు వాచిందన్నమాట. అప్పుడు పైన పూడిస్తే చాలదు. రూట్ కెనాల్ చెయ్యాలి, లేదా పన్ను తియ్యాలి. కొన్నాళ్ళకు సలుపు దానంతటదే ఆగవచ్చు. అది నయం కావడం కాదు, లోపలి గుజ్జు చచ్చిపోవడం. వేరు చివర చీము పట్టే ప్రమాదం అప్పుడే ఉంది. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

జివ్వుమనడం, సలపడం అనే రెండు క్రియల మధ్య తేడా వైద్యుడికి సగం రోగనిర్ణయం. ఇంట్లో ఈ తేడా పాటించే మన పిల్లలు చెన్నైలో వలి అని, బెంగుళూరులో నోవు అని ఒక్క మాటతో సరిపెడతారు. తమిళంలో జివ్వుమనడానికి కూచ్చం అని వేరే మాట ఉంది. సిగ్గుపడడాన్నీ అదే మాటతో చెబుతారు. కన్నడంలో పన్ను జుమ్మంటుంది. ఆ మాటలు వాడండి. ఎంతసేపు ఉంటుంది, చల్లదనానికా వేడికా, రాత్రి నిద్ర లేపుతోందా అన్నవీ చెప్పండి.

ఫిల్లింగ్ అయ్యాక మత్తు వదిలేవరకు పెదవి, బుగ్గ కొరుక్కోకుండా చూసుకోవాలి. కొద్ది రోజులు చల్లనికి జివ్వుమనడం మామూలే. ఫిల్లింగు ఎత్తుగా ఉందేమోనని వైద్యుడు రంగు కాగితం కొరికించి చూస్తాడు గాని, మత్తులో ఉన్న నోటికి సరిగా తెలియదు. మర్నాడు అన్నం తింటున్నప్పుడు ఆ పన్నే ముందుగా తగిలితే మళ్ళీ వెళ్ళి, కొరికితే ఎత్తుగా తగులుతోందని చెప్పండి. అరగదీయడానికి సాధారణంగా రెండు నిమిషాలు చాలు.