బేరియాట్రిక్ శస్త్రచికిత్స అనంతర ఆహారక్రమం: తెలుగు పథ్య పదజాలం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఊబకాయాన్ని తగ్గించేందుకు చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్స తరువాత ఆహారం ద్రవరూపం నుండి ఘనరూపానికి దశలవారీగా సాగుతుంది. ఈ క్రమాన్ని తెలుగు కుటుంబం ‘పథ్యం’ అనే మాటతోనే అర్థం చేసుకుంటుంది. పథ్యానికి సంబంధించిన తెలుగు పదాలలో కొన్ని ఈ క్రమాన్ని వైద్యపరిభాష కన్నా స్పష్టంగా చెప్పగలవు. కొన్ని మాత్రం తప్పుదారి పట్టిస్తాయి. వరంగల్ ప్రాంతపు వంటింటి వాడుకను ఆధారం చేసుకొని ఆ రెండింటినీ వేరుచేసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బేరియాట్రిక్ శస్త్రచికిత్స, పథ్యం, సంసర్జన క్రమం, జావ, కట్టు, మాంసకృత్తులు, తెలంగాణ వాడుక.

1. ఉపోద్ఘాతం

ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు వైద్యులు ఇచ్చే ఆహార పట్టిక గడప దాటి లోపలికి రాగానే ‘పథ్యం’ అవుతుంది. ఏం తినాలో, ఎప్పుడు తినాలో ఆ తరువాత నిర్ణయించేది పట్టిక ఒక్కటే కాదు. పథ్యం అనే మాట చుట్టూ తరతరాలుగా పోగుపడిన అనుభవం కూడా. జ్వరానికీ, కామెర్లకూ, కాన్పుకూ సంబంధించి ఆ అనుభవం తెలుగు ఇళ్లలో ఉంది. కడుపును కోసి చిన్నది చేసే శస్త్రచికిత్స విషయంలో లేదు. అయినా వాడే మాట అదే.

2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 30 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు. వీరందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. శరీర ద్రవ్యరాశి సూచిక 35, ఆపైన ఉన్నవారికి దీనిని సూచించవచ్చనీ, ఆసియా ప్రజల విషయంలో 27.5 నుండే పరిశీలించవచ్చనీ 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

‘బేరియాట్రిక్’ పదానికి మూలం బరువును సూచించే గ్రీకు శబ్దం ‘బారోస్’. దీనికి తెలుగు ‘బరువు’తో ఉన్న పోలిక ధ్వనిసామ్యమే తప్ప చుట్టరికం కాదు, దాని అసలు జ్ఞాతిపదం సంస్కృత ‘గురు’ శబ్దం.

2. కడుపులో జరిగే మార్పు

ఈ శస్త్రచికిత్సలలో ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో దాదాపు 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని సన్నని గొట్టంలా ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పైభాగాన 30 మి.లీ. పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానిని చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. స్లీవ్‌లో ఆకలిని పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది. బైపాస్‌లో ఇనుము, కాల్షియం వంటివి ప్రధానంగా ఇంకే చిన్నపేగు తొలిభాగాన్ని ఆహారం తాకకుండానే ముందుకు వెళుతుంది.

కోసి కుట్టిన గాయం మానేదాకా ఒత్తిడి పడకూడదు. ఆహారం ద్రవంతో మొదలుకావడానికి కారణం ఇదే. అజీర్తికి చేసే లంఖణానికీ దీనికీ పైకి పోలిక కనిపించినా కారణాలు వేరు.

3. సంసర్జన క్రమం: పోలిక, తేడా

దశలవారీ ఆహారం అనే ఆలోచన భారతీయ వైద్యానికి కొత్తది కాదు. వమన విరేచనాల వంటి శోధన చికిత్సల తరువాత జఠరాగ్ని మందగిస్తుందనీ, దానిని క్రమంగా నిలబెట్టాలనీ చరకసంహిత చెబుతుంది. అందుకు విధించినదే పేయాది సంసర్జన క్రమం. మొదట పేయ, అంటే మెతుకులు కొద్దిగా ఉండే పలుచని జావ, తరువాత విలేపి, అంటే మెతుకు ఎక్కువై చిక్కబడిన జావ, ఆపైన పెసల వంటి పప్పుధాన్యాల యూషం, చివర మాంసరసం. శుద్ధి ఎంత బలంగా జరిగితే ఈ క్రమం అంత ఎక్కువ కాలం సాగుతుంది. పూర్తి శుద్ధి జరిగినవారికి ఏడు రోజులలో ముగుస్తుంది.

పలుచన నుండి చిక్కదనానికి సాగే ఈ నడకను చూసి ఆధునిక పట్టికలోనిది కూడా ఇదేనని చెప్పాలనిపిస్తుంది. ఆ తొందర మంచిది కాదు. తేడాలు రెండు ఉన్నాయి, రెండూ ముఖ్యమైనవే. సంసర్జన క్రమం బియ్యంతో మొదలై పప్పు దగ్గరికి, మాంసం దగ్గరికి వెళుతుంది. శస్త్రచికిత్స తరువాతి క్రమంలో మాంసకృత్తులు తొలి వారాల నుండే ముందుంటాయి, బియ్యం చివర వస్తుంది. సంసర్జన క్రమం వారం తిరిగేసరికి మనిషిని మామూలు భోజనానికి చేరుస్తుంది. ఇక్కడ పాత ‘మామూలు’ ఇక లేదు. తెలుగువారి పథ్య భావన చాలావరకు మొదటి నమూనాలోనే నడుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

4. గుక్క నుండి ముద్ద దాకా

దశల గడువులు వైద్యుని బట్టి, శస్త్రచికిత్సను బట్టి మారుతాయి. సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులు వడగట్టిన ద్రవాలు, రెండు వారాల దాకా చిక్కని ద్రవాలు, మూడు నాలుగు వారాల్లో రుబ్బిన ఆహారం, ఆపైన మెత్తనివి, ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత ఘనాహారం.

తొలి దశలో ఇంగ్లీషు పట్టికలు ‘సిప్’ అంటాయి. దీనిని ‘గుక్క’ అని అనువదించడం సులువు, కాని ప్రమాదం. తెలుగులో గుక్కకు కొలత ఊపిరి. ‘ఒక్క గుక్కలో తాగేశాడు’ అన్నప్పుడు గ్లాసు ఖాళీ అయిందనే అర్థం. గుక్క తిప్పుకోవడం, గుక్కపట్టి ఏడవడం వంటి వాడుకలు కూడా శ్వాసకు సంబంధించినవే. తొలి రోజుల్లో ఒక విడతకు ఇచ్చేది 30 మి.లీ. వరకే, అంటే రెండు పెద్ద చెంచాలు. ఆ కడుపుకు నిజమైన గుక్క ఎక్కువ. ‘గుక్కగుక్కగా’ అనడం కన్నా ‘చెంచాతో, పెదవి తడిసేంత’ అనడం మేలు. పసిపిల్లలకు వాడే ఉగ్గుగిన్నె పేరు చెబితే కొలత, నిదానం రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

రెండవ దశలో వచ్చే మాట ‘జావ’. వరంగల్ పరిసరాల్లో రాగిజావ, జొన్న అంబలి, మక్క గట్క అనాదిగా ఒంటికి బలమిచ్చే తిండిగా పేరుపొందినవి. ఆ పేరు ఊరికే రాలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార సమ్మేళన పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మాంసకృత్తులు మాత్రం దాదాపు 7 గ్రాములే. శస్త్రచికిత్స అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరమని చెబుతారు. ఒక చిన్న గిన్నె జావకు 20 గ్రాముల రాగిపిండి పడుతుందనుకుంటే, అందులో వచ్చేది గ్రామున్నర కన్నా తక్కువ. రోజుకు ఆరుసార్లు తాగినా తొమ్మిది గ్రాములు దాటదు. జావ తాగుతున్న మనిషి ‘బాగానే తీసుకుంటున్నాడు’ అని ఇంటివారు తృప్తిపడుతుండగానే కండ కరుగుతుంది, నెలలు తిరిగేసరికి జుట్టు రాలుతుంది. జావ మానమని చెప్పనక్కరలేదు. నీళ్లకు బదులు పాలతో కాచి, వెన్న తీసిన పాలపొడి కలిపితే లెక్క కొంత మారుతుంది. వైద్యుడు సూచించిన ప్రొటీన్ పొడి తోడైతే గాని తొలి వారాల్లో 60 గ్రాములు చేరడం కష్టం.

‘కట్టు’ విషయంలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. పప్పు ఉడికిన తరువాత పైన తేరే పలుచని నీరు కట్టు. వడగట్టిన ద్రవాల దశకు ఇది చక్కగా సరిపోతుంది. కాని పెసరపప్పులో నూటికి 24 గ్రాముల దాకా ఉండే మాంసకృత్తులు ఎక్కువగా అడుగున ఉన్న పప్పులోనే ఉండిపోతాయి. రెండవ దశకు రాగానే తేట వంపుకోవడం మాని, పప్పును మెత్తగా రుబ్బి వడపోసి జారుగా ఇవ్వాలి. కట్టుకూ, జారుకూ ఉన్న భేదం తెలుగు వంటింటికి కొత్తగా నేర్పవలసింది కాదు.

మూడవ, నాలుగవ దశల దగ్గర తెలుగు పైచేయి సాధిస్తుంది. పట్టికల్లోని ‘ప్యూరీ’, ‘మ్యాష్డ్’, ‘సాఫ్ట్’ అనే మాటల మధ్య హద్దు చదివినవారికి కూడా అస్పష్టమే. రుబ్బినది, ఎనిపినది, మెత్తగా ఉడికినది అంటే ఏ ఇల్లాలికీ సందేహం రాదు. రోటిలోనో మిక్సీలోనో రుబ్బితే పలుకు మిగలదు. పప్పుగుత్తితో ఎనిపితే అక్కడక్కడా మిగులుతుంది. మెత్తగా ఉడికిన దానిలో ఆకారం నిలిచి వేళ్ల మధ్య నలుగుతుంది. ఈ మూడు క్రియలను మూడు దశలకు ముడిపెడితే పట్టికకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

అయితే ‘మెత్తని’ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది మెత్తటి అన్నం. ముద్దగా ఉడికిన అన్నం ఆ సన్నని దారిలో జిగటగా అడ్డుపడి వాంతికి కారణం కావచ్చు. మెత్తని కోడిగుడ్డు, ముల్లు తీసిన చేప, చిదిమిన పన్నీరు, ఎనిపిన పప్పు ముందు రావాలి; ఖీమా ఆ తరువాత, మాంసపు ముక్క ఇంకా తరువాత. ఇక ‘ముద్ద’. చేత్తో కలిపి పట్టే ఒక పెద్ద ముద్ద 30 మి.లీ. సంచిని దాదాపు నింపేస్తుంది. బఠానీ గింజంత తీసుకొని, నోటిలోనే జావ అయ్యేలా నమిలి, ఇరవై ముప్పై నిమిషాలపాటు తినాలన్నది సూచన.

భోజనంతో పాటు ద్రవం తీసుకోరాదని, తిన్నాక కనీసం అరగంట ఆగాలని మరొక నియమం. పచ్చిపులుసు పోసుకొని కలుపుకోవడం, చివర చల్ల అన్నంతో ముగించడం అలవాటైన భోజనానికి ఇది గట్టి దెబ్బే. చల్లను వేరే వేళకు జరపడం తప్ప దీనికి మార్గం లేదు.

బైపాస్ అయినవారికి తీపి ఇంకొక గండం. పరమాన్నమో, బెల్లం పానకమో తీసుకున్న అరగంటలోపే చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు; రెండు మూడు గంటలకు రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరగవచ్చు. దీనిని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. దీనికి సంస్కృత సమాసం కల్పించడం కన్నా పేరును అలాగే ఉంచి లక్షణాలను తెలుగులో చెప్పడమే ఉపయోగకరం.

5. వాంతి, బియ్యం, ఒక పాత పాఠం

శస్త్రచికిత్స తరువాత వాంతులు ఆగకపోతే గంజినీళ్లతో నెట్టుకురావడం మరొక పథ్యపు అలవాటు. శరీరంలో థయమిన్, అంటే బి1 విటమిన్ నిల్వలు రెండు మూడు వారాలకు మించి ఉండవు. ఆ తరువాత చూపు తడబడటం, నడక తూలడం, మతి తప్పడం వంటి నరాల లక్షణాలు మొదలవుతాయి. చికిత్స ఆలస్యమైతే నష్టం శాశ్వతమవుతుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కించడం కూడా ప్రమాదకరం.

ఇది తెలుగు నేలకు పరిచయమైన లోపమే. మరపట్టిన పచ్చిబియ్యం ప్రధానాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధికి ఒకప్పుడు పేరుపడ్డాయి. ఆ వ్యాధికి కారణం ఇదే బి1 లోపం. జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర కూడా రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన బెరిబెరి పరిశోధనతోనే మొదలైంది. అది హైదరాబాదుకు తరలివచ్చింది 1958లో. గంజి ఆ లోటును తీర్చదు. వాంతి రెండు మూడు రోజులు వదలకపోతే పథ్యం మార్చి చూడటం కాదు, ఆసుపత్రికి వెళ్లడమే చేయవలసిన పని.

6. బువ్వ తిన్నవా?

తెలంగాణ పలకరింపులో బువ్వ అంటే అన్నమే కాదు, భోజనమంతా. అందువల్ల గుడ్డు, పప్పు, పెరుగు తిని లేచిన మనిషి ఇంటివారి లెక్కలో ఏమీ తినలేదు. ‘రెండు ముద్దలన్న తిను బిడ్డా’ అనే మాటలో ఉన్నది ప్రేమే. ఆ రెండు ముద్దలే కొత్త కడుపుకు మించిన బరువు. పెళ్లి విందులో మారు వడ్డన వద్దనడం అమర్యాదగా తోచే సమాజంలో ఈ నియమాన్ని రోగి ఒక్కడికే నేర్పితే సరిపోదు. వండేవారికీ, వడ్డించేవారికీ నేర్పాలి. వైద్యుని ఎదుట వీరు కూర్చోవడం మాత్రం అరుదు.

కాళోజీ నారాయణరావు పేరిట ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. ప్రజల పలుకుబడి పక్షాన జీవితాంతం నిలిచిన కవి పేరు వైద్యవిద్యకు తలమానికమైన చోట, ఆహార పట్టికను బువ్వ, చల్ల, గట్క అనే మాటలతో రాయడం తెలుగు శాఖలు, వైద్యశాఖలు కలిసి చేయదగిన పని. అటువంటి పట్టికకు వైద్యుని ఆమోదం ఎంత అవసరమో, వండే మనిషి ఒకసారి చదివి చూడటం కూడా అంతే అవసరం.

7. పథ్యం ఎప్పుడు విడుస్తారు?

జ్వరం తగ్గి, లంఖణాలు ముగిశాక తొలిసారి అన్నం పెట్టడాన్ని ‘పథ్యం పెట్టడం’ అనడం పాతతరం వాడుక. కట్టడి, ఆ కట్టడి సడలే క్షణం రెండూ ఒకే మాటలో ఉండటం విశేషం. పథ్యం ఏదైనా ఒకనాడు ముగుస్తుందన్న నమ్మకం ఆ వాడుకలో ఉంది. రెండు నెలలకు ఘనాహారం మొదలైనప్పుడు పథ్యం అయిపోయిందని అనుకోవడానికి భాషే వీలు కల్పిస్తుంది. మాత్రలు ఆగిపోయేది అప్పుడే.

ఇక్కడ తెలుగు నుడికారమే సాయపడుతుంది. తిన్నది ‘ఒంటికి పట్టడం’ అనే మాట శోషణ అనే పారిభాషిక పదం కన్నా బలమైనది. బైపాస్ తరువాత తిన్నదంతా ఒంటికి పట్టదు. ఈ ఒక్క వాక్యంతో ఇనుము, కాల్షియం, విటమిన్ డి, బి12 జీవితాంతం ఎందుకు వేసుకోవాలో చెప్పవచ్చు. బి12 నిల్వలు కాలేయంలో కొన్నేళ్లపాటు ఉంటాయి కనుక మానేసినవారికి వెంటనే ఏమీ తెలియదు. తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత ఆలస్యంగా బయటపడతాయి. రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు ముందే రక్తహీనతతో ఉన్నారని పైన పేర్కొన్న సర్వేనే చెబుతున్నది. ఇనుము మాత్రను చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. కాల్షియం మాత్రకూ దానికీ నడుమ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.